నాలుగు స్క్రూలు, ఎర్ర నెయిల్ పాలిష్

"మోసం!" అంటూ లోపలికి వచ్చాడతను.

మోటార్ వైండింగ్ షాపుకి రకరకాల మనుషులు వస్తారు. కాలిపోయిన మోటార్‌ని సంచిలో వేసుకుని బిక్కమొహంతో వచ్చేవాళ్లు కొందరు. "నిన్న సాయంత్రం దాకా బ్రహ్మాండంగా తిరిగిందండీ" అని ఒట్టు పెట్టేవాళ్లు కొందరు. మోటార్‌ని చంటిపిల్లలా రెండు చేతులతో గుండెకి ఆనించుకుని, మొహం జేవురించి, మోసం అంటూ వచ్చినవాడు మాత్రం అతనొక్కడే.

బల్ల దగ్గర కూర్చుని ఫ్యాన్ కాయిల్ చుడుతున్న అమ్మాయి తలెత్తలేదు. ఒక చేత్తో మర తిప్పుతూ, రెండో చేత్తో రాగి తీగని సరిచేస్తూ, "యాభై మూడు, యాభై నాలుగు..." అని లెక్కపెడుతోంది. కనుబొమలతోనే ఆగమంది.

"ఎంతసేపు ఆగాలి?"

"నూట అరవై దాకా. యాభై ఎనిమిది."

"నేను చాలా దూరం నుంచి..."

"మీరు మాట్లాడితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాను. అరవై ఒకటి."

అతను నోరు మూసుకున్నాడు. గోడకి వేలాడుతున్న తీగ చుట్టల్ని చూశాడు. మూల కుర్చీలో కూర్చుని నవ్వు ఆపుకుంటున్న పెద్దాయన్ని చూశాడు. నూట అరవై వచ్చేసరికి అతని కోపం సగం చల్లారిపోయింది.

"ఇప్పుడు చెప్పండి" అంది ఆ అమ్మాయి తీగ తెంపుతూ. "ఏం మోసం?"

"ఈ మోటార్ మీకు ఇచ్చేముందు పాత కాయిల్‌ని నేనే కూర్చుని లెక్కపెట్టాను. నూట ముప్పై రెండు చుట్లు. మీరు నూట పద్దెనిమిది చుట్టి ఊరుకున్నారు. నా మాట కాదు, మీ చీటీయే చెబుతోంది."

వైండింగ్ చేసేవాళ్లకి ఒక అలవాటుంది. కొత్త కాయిల్ చుట్టాక చుట్లెన్నో, తేదీ ఏమిటో ఇన్సులేషన్ కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసి, కాయిల్‌కి దారం కట్టేటప్పుడు దాని కింద దూరుస్తారు. ఆపైన వార్నిష్ పోస్తారు. పదేళ్లకి మళ్లీ కాలినా విప్పినవాడికి లెక్క దొరుకుతుంది. పెన్సిల్ రాత వార్నిష్‌లో చెరగదు. అయితే ఆ చీటీ కనబడాలంటే మోటార్ మూతకున్న నాలుగు స్క్రూలూ విప్పాలి.

"అంటే, నేను చుట్టిన మోటార్‌ని మీరు విప్పారన్నమాట" అంది ఆ అమ్మాయి లేచి నిలబడి.

"విప్పానండీ. నా మోటార్ నేను విప్పుకోకూడదా?"

ఆమె బీరువాలోంచి లావుపాటి నోట్‌బుక్ తీసి అతని ముందు ధన్‌మని పడేసింది. "ఇది మా నాన్న రాసిన లెక్క. ముప్పై ఏళ్లది. మీ రెండు టబ్బుల మెషీన్ ఇదిగో. కంపెనీ చుట్టింది నూట పద్దెనిమిది. మధ్యలో ఎవడో సన్న తీగతో చుట్లు పెంచి చుట్టాడు. బట్టలు వేయగానే మూలిగేదా?"

"మూలిగేది."

"చెయ్యి పెడితే కాలేదా?"

"కాలేది."

"మరి ఎవరిదండీ మోసం?"

అతను నోట్‌బుక్‌లోని అంకె మీద వేలు పెట్టి చూశాడు. చివరికి, "అంటే తప్పు లెక్కని నేను చాలా కరెక్టుగా లెక్కపెట్టానన్నమాట" అన్నాడు. మూల కుర్చీలోని నాన్న పకపకా నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది. కానీ కోపంలో ఉన్నప్పుడు నవ్వితే లోకువైపోతామని నవ్వలేదు.

"ఇంకో మాట. నేను చుట్టిన మోటార్‌ని విప్పి చూసేవాళ్లకి నేను పని చేయను. నమ్మకం ఉంటే తీసుకురండి. లేకపోతే వీధి చివర ఇంకో షాపుంది."

"సరేనండీ" అన్నాడతను బుద్ధిగా.

అతను వెళ్లాక నాన్న అన్నాడు: "ఆ మాట రోజుకి నలుగురితో అంటావు. ఒక్కడైనా విన్నాడుటే?"

"వినరు. అందుకే ఒక ఉపాయం తట్టింది" అంది ఆమె. ఆ రోజు నుంచి తను చుట్టిన ప్రతి మోటార్ మూత స్క్రూల మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. స్క్రూ కదిలితే రంగు పగులుతుంది. ఎవరు విప్పారో దొరికిపోతారు. గోళ్లకి రంగేసుకునే తీరిక ఎలాగూ లేదు, సీసా వృథా పోకుండా ఉంటుందనుకుంది.

నెల తిరక్కుండా అతను ఇంకో మోటార్‌తో వచ్చాడు. తర్వాత ఇంకోటి.

అతనిది కళ్లజోళ్ల షాపులో పని. చెవి వెనక ఒరుసుకుపోతున్న ఫ్రేములు వంచడం, ఆవగింజంత స్క్రూలు బిగించడం. అందుకని నాన్న అతనికి కళ్లజోళ్లబ్బాయి అని పేరు పెట్టేశాడు. ఇంట్లో అతని పిచ్చి వేరు. ఎవరో పారేసిన పాత బట్టలుతికే మెషీన్లు తెచ్చి, తుప్పు గీకి, బాగుచేసి, వాటితోనే ఇంటిల్లిపాది బట్టలూ ఉతుకుతాడు. ఇంటిల్లిపాది అంటే అతనూ, వాళ్లమ్మా. ఇద్దరికీ కలిపి నాలుగు మెషీన్లు.

"మా ఇంట్లో బట్టల కన్నా మెషీన్లెక్కువమ్మా" అని వాళ్లమ్మ తలబాదుకుంది, ఆమె మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు. "మాసినవి చాలక పక్కింటి వాళ్లవి అడిగి తెస్తున్నాడు. పరువు పోతోంది."

వెనక వరండా నిండా అవే. రెండు టబ్బుల మెషీన్ ఒకటి. నీళ్లు పిండేటప్పుడు గెంతుకుంటూ గుమ్మం దాకా నడిచొచ్చే స్పిన్నర్ ఒకటి. దాని పేరు కుంటిది. చేత్తో తిప్పే చెక్క పీపా ఒకటి. మూల, గోనెపట్టా కప్పుకుని నాలుగోది.

"ఇదెవరు?" అని అడిగింది.

"పెద్దావిడ" అన్నాడతను గొంతు తగ్గించి, నిద్రపోతున్న మనిషి గురించి చెబుతున్నట్టు. పట్టా తీశాడు. ఆకుపచ్చ ఎనామెల్ టబ్బు, దాని మీద మెడ చాచినట్టు రెండు రోలర్లు. "మూతపడ్డ హాస్టల్ వెనక దొరికింది. లోపల ఇటుకలు నింపి ఉంచారండీ, పాపిష్టివాళ్లు! ఆ రోలర్ల మధ్య తడిబట్ట పెడితే నీళ్లన్నీ పిండుకుని అవతలికి అట్టముక్కలా వస్తుంది. రబ్బరు మొత్తం పోయింది. ప్రింటింగ్ ప్రెస్ రోలర్లకి రబ్బరు వేసే ఆయన్ని బతిమాలుతున్నాను. చేస్తానన్నాడు. మోటార్ మాత్రం..."

"నా దగ్గరికే వస్తుంది. అర్థమైంది."

"మీ దగ్గరికి కాక ఇంకెక్కడికి వెళ్తుంది?" అన్నాడతను. ఆ మాటకి ఆమె చెవులు వేడెక్కాయి. అతను మాత్రం అప్పటికే తలుపు గంట మూత విప్పి, అది ఎందుకు సన్నగా మోగుతోందో చూస్తున్నాడు.

అతను విప్పని వస్తువు లేదు. షాపుకొచ్చినప్పుడు గోడ గడియారం విప్పాడు. నాన్న రేడియో విప్పాడు. కొత్తగా కొన్న టార్చిలైటు, వెలుగుతున్నదాన్ని, ఎందుకు వెలుగుతోందో చూడాలని విప్పాడు. "మనల్ని కూడా ఏదో ఒక రోజు స్క్రూడ్రైవర్ పెట్టి విప్పేస్తాడేమోనే" అనేవాడు నాన్న.

ఓసారి ఆమె సన్న తీగని ముక్కుకి ఆనించుకుని చూడటం అతని కంటబడింది. "ఎన్నాళ్ల నుంచి ఇలా చూస్తున్నారు?" అని గదమాయించి, మర్నాడు మధ్యాహ్నం తన షాపుకి రప్పించాడు. బరువైన ఇనుప ఫ్రేము ఆమె ముక్కు మీద పెట్టి, అద్దం తర్వాత అద్దం వేస్తూ ఎదురుగా కూర్చున్నాడు. అంత దగ్గరగా మగవాడి మొహం ఆమె ఎప్పుడూ చూడలేదు. చూసినా మసగ్గానే చూసేది.

"ఇప్పుడు?"

"ఊహూ."

"ఇప్పుడు?"

"కనిపిస్తోంది."

"ఏం కనిపిస్తోంది?"

"మీ చొక్కాకి మూడో బొత్తాం ఊడిపోయేలా ఉంది."

అతను గబుక్కున బొత్తాం పట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వారు. కొత్త జోడు పెట్టుకుని బయటికి వచ్చేసరికి వాన. అంతకుముందు వానంటే ఆమెకి తెల్లటి పరదా. ఇప్పుడు ఒక్కో చినుకూ విడివిడిగా, గీసినట్టు పడుతోంది. షాపు చూరు కింద నిలబడి పది నిమిషాలు ఊరికే చూసింది. అతను పక్కనే నిలబడి వానని చూడకుండా ఆమెని చూశాడు. ఆ సంగతి కొత్త కళ్లజోడులోంచి ఆమెకి స్పష్టంగానే కనబడింది.

కథ ఇక్కడే అయిపోవాల్సింది. ఇద్దరిలో ఒక్కరు నోరు తెరిచినా అయిపోయేది. కానీ అతను నోరు తెరిస్తే మెషీన్ల మాటలే వచ్చేవి. ఆమె నోరు తెరిస్తే వెక్కిరింతే వచ్చేది.

ఏడాదిన్నర గడిచింది. నాన్న చేతులు వణకడం ఎక్కువైంది. ఒక రోజు టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, అటు చూస్తూ అన్నాడు: "పంపుల షాపాయన లేడూ, మన దగ్గర తీగ కొనేవాడు? వాళ్లవాళ్లు వచ్చే ఆదివారం మాట్లాడటానికి వస్తామంటున్నారు. మంచివాడే. వైండింగ్ వచ్చిన అమ్మాయే కావాలిట. నీకు ఇంకేదైనా మనసులో ఉంటే ఆదివారం లోపు చెప్పు తల్లీ. నేను కాదనను."

నాన్న ఎవరి గురించి అడుగుతున్నాడో ఆమెకి తెలుసు. నాన్నతో చెప్పడం కష్టం కాదు. కానీ అవతలివాడి మనసు తెలియకుండా ఏమని చెబుతుంది?

ఆ వారమే పెద్దావిడ మోటార్ బల్ల మీద ఉంది. పాతకాలపు మోటార్, ఇనుప ముద్దలాంటిది. రెండు రోజులు కూర్చుని చుట్టింది. ఒక తీగ మీద ఇంకో తీగ ఎక్కకుండా చుట్టింది. చీటీ రాయడానికి కాగితం ముక్క తీసుకుంది. "రన్నింగ్ 108, స్టార్టింగ్ 74" అని, మోటార్‌ని నడిపే కాయిల్‌కీ, మొదట కదిలించే కాయిల్‌కీ ఎన్నెన్ని చుట్లో రాసింది. పెన్సిల్ అక్కడ ఆగిపోయింది.

ఎదురుగా చెప్పలేని మాట చీటీ మీద చెప్పొచ్చని అప్పుడే తట్టింది. తలుపు గంట కూడా వదలని మనిషి, ఏడాదిన్నర కలలుగన్న మెషీన్ మోటార్‌ని విప్పకుండా ఉంటాడా? ఇంటికి పట్టుకెళ్లిన గంటలో విప్పేస్తాడు. అంకెల కింద ఇలా రాసింది:

"ఆదివారం మా ఇంటికి మాట్లాడటానికి ఎవరో వస్తున్నారు. అంతకుముందే మీరు వచ్చి మా నాన్నని అడగండి. నేను ఒప్పుకుంటాను."

దారం కింద చీటీ దూర్చి, వార్నిష్ పోసింది. మూత పెట్టి నాలుగు స్క్రూలూ బిగించింది. అలవాటు ప్రకారం ఎర్ర చుక్కలు పెట్టింది. విప్పేవాడికి నెయిల్ పాలిష్ ఒక అడ్డా అనుకుంది.

సోమవారం అతను మోటార్ తీసుకెళ్లాడు. మంగళ, బుధ, గురువారాలు ఆమె గుమ్మం వైపు చూస్తూ రెండు ఫ్యాన్లు తప్పు చుట్టింది. శుక్రవారం అతను వచ్చాడు.

"రేపు మధ్యాహ్నం పెద్దావిడతో మొదటి ఉతుకు. మీరు రాకపోతే మొదలుపెట్టను" అన్నాడు. అంతే. కానీ అంటున్నప్పుడు అతని గొంతు కొంచెం వణికింది. అయితే రేపే చెబుతాడు, వాళ్లమ్మ ముందు చెబుతాడు అనుకుని ఆమె రాత్రంతా మేలుకునే ఉంది.

శనివారం వరండాలో పెద్దావిడ మెరిసిపోతోంది. అతను స్విచ్ వేశాడు. మోటార్ ఉలిక్కిపడకుండా, మూలగకుండా, గొంతు సవరించుకున్నట్టు ఒక్కసారి గునిసి తిరగడం మొదలుపెట్టింది. ఆకుపచ్చ టబ్బులో దుప్పట్లు ఇటూ అటూ ఊగాయి.

"వినండి! ఆ చప్పుడు వినండి!" అన్నాడతను చిన్నపిల్లాడిలా. "అమ్మా, ఇందులో ప్రతి స్క్రూ నా చేత్తో విప్పి బిగించాను. ఈ మెషీన్‌లో నేను చూడని చోటంటూ లేదు."

ఆమె ఎర్ర చుక్కల కోసం మెల్లగా వంగి టబ్బు కిందికి చూడబోయింది. మోటార్‌కి చుట్టూ రేకు కట్టి ఉంది, ఏమీ కనబడలేదు. వంగి లేచేటప్పుడు చున్నీ కొస తిరుగుతున్న రోలర్లలోకి వెళ్లింది. చున్నీ బిగుసుకుని మెడ లాగేసరికి కెవ్వుమంది. అతను ఒక్క ఉదుటున వచ్చి పైనున్న కడ్డీ మీద గుద్దాడు. రోలర్లు రెండూ ఫట్‌మని విడిపోయాయి. అతని చెయ్యి ఆమె భుజం మీద ఉంది. ఇద్దరికీ ఊపిరాడటం లేదు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు." ఆమె కళ్లెత్తింది. "లోపల అంతా చూశానన్నారు కదా. మరి నాతో ఏమైనా చెప్పాలా మీరు?"

అతని మొహం ఎర్రబడింది. పెదవులు కదిలాయి. తలుపు దగ్గర వాళ్లమ్మ చప్పుడు చేయకుండా నిలబడి ఉంది. అతను చెయ్యి తీసేసి, చున్నీ వైపు చూసి, "ఇది... ఇది బాగా పిండింది చూశారా? చుక్క నీరు లేదు" అన్నాడు.

ఆమె లోపల ఏదో తెగిపోయింది.

"చూశాను" అంది. చున్నీ లాక్కుని, వాళ్లమ్మకి వెళ్లొస్తానని చెప్పి, చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వీధిలో పడింది. చదివాడు. చదివి, చున్నీ గురించి మాట్లాడాడు. ఒప్పుకుంటాను అని సిగ్గు విడిచి రాసిందే, ఆ మాటని బట్టలు పిండినట్టు పిండి అవతల పడేశాడు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి తనని తానే చెడామడా తిట్టుకుంది.

ఆదివారం వాళ్లు వచ్చి వెళ్లారు. ఆలోచించుకుంటానంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఇంకా నెల రోజులు గుమ్మం వైపు చూసింది.

అతను వచ్చాడు, రాకేం. వచ్చినప్పుడల్లా ఆమె ముళ్లకంపలా మాట్లాడింది. "ఏం కావాలి?", "ఖాళీ లేదు", "నాన్నతో చెప్పండి". అతను బిత్తరపోయి చూసేవాడు. ఒక రోజు చేతిలో చిన్న డబ్బాతో వచ్చి నిలబడ్డాడు.

"మీ కోపం ఎందుకో నాకిప్పుడు అర్థమైందండీ" అన్నాడు తల వంచుకుని.

ఆమె మర తిప్పడం ఆపేసింది.

అతను డబ్బా తెరిచి బల్ల మీద పెట్టాడు. అందులో ఆమె తీగ కొలిచే గేజు. "మూడు నెలల కింద అడిగి పట్టుకెళ్లి మర్చిపోయాను. నూనె పెట్టి శుభ్రంగా తుడిచాను. విప్పలేదు."

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. ఇంత మంచి నటుడు అద్దాల కొట్టులో ఎందుకున్నాడో అనుకుంది. "ఇంకేమీ లేదు కదా నాకు ఇవ్వాల్సింది?" అంది.

"లేదనుకుంటా" అన్నాడతను ఆలోచించి.

ఆ సాయంత్రమే నాన్నతో సరేనంది.

పెళ్లయింది. పంపుల షాపాయన నిజంగానే మంచివాడు. తాగడు, అరవడు, అబద్ధమాడడు. షాపులో ఆమెకి కిటికీ పక్కన బల్ల వేయించాడు. ఒక్కటే అలవాటు: ఆమె చుట్టిన ప్రతి మోటార్‌నీ మూత విప్పి, చీటీ చదివి, మీటర్ పెట్టి చూసుకుంటే తప్ప కస్టమర్‌కి ఇవ్వడు. మొదటిసారి చూసినప్పుడు ఆమె ఏదో అనబోయి ఊరుకుంది. నెయిల్ పాలిష్ సీసా ఎండిపోతే మళ్లీ కొనలేదు.

నాలుగేళ్లు గడిచాయి. నాన్న షాపు మూసేస్తానన్నాడు. సామాను సర్దడానికి ఆమె పది రోజులు పుట్టింటికి వచ్చింది. తీగ చుట్టలు బరువు చూసి కట్టలు కడుతుంటే గుమ్మంలో నీడ పడింది.

"పెద్దాయన ఉన్నారా..." అని ఆగిపోయాడు.

అదే నిలబడటం. రెండు చేతులతో గుండెకి ఆనించుకుని ఒక మోటార్. నుదురు కాస్త వెడల్పయింది, అంతే తేడా.

"నాన్న నిద్రపోతున్నాడు. లోపలికి రండి" అంది ఆమె. ఎంత మామూలుగా అన్నదో తనకే ఆశ్చర్యమేసింది.

"మీరున్నారని తెలియదండీ. పెద్దావిడ నిన్న కాలిపోయింది. నాది పొరపాటు, ఒకేసారి రెండు రగ్గులు వేశాను." మోటార్‌ని బల్ల మీద జాగ్రత్తగా దింపి, దాని మీది నూనె మరకల్ని జేబురుమాలుతో తుడిచాడు. గర్వంగా నవ్వాడు. "చూశారా, మీ సీలు మీద గీత కూడా పడలేదు."

ఆమె చూసింది. నాలుగు స్క్రూలు. నాలుగు ఎర్ర చుక్కలు. ఒక్కటీ పగల్లేదు. చుక్క పెట్టేటప్పుడు కుంచె వెంట్రుక ఒకటి మూడో స్క్రూ మీద అంటుకుపోయింది. అది కూడా అలాగే ఉంది.

ఆ వెంట్రుకని గోటితో తాకింది. "ఎందుకు విప్పలేదు?" అని అడిగింది.

"అదేమిటండీ, మీరే కదా వద్దన్నది! మొదటిరోజే, ఇదిగో ఇక్కడే నిలబెట్టి. మీరు చుట్టింది విప్పేవాళ్లకి పని చేయనని."

"ఆ మాట రోజుకి నలుగురితో అనేదాన్ని నేను."

"ఆ నలుగురి సంగతి నాకు తెలియదు. నాతో అన్నారుగా."

"తలుపు గంట విప్పారు. వెలుగుతున్న టార్చిలైటు విప్పారు."

"అవి మీరు చుట్టలేదుగా."

"మెషీన్‌లో మీరు చూడని చోటు లేదన్నారు ఆ రోజు. మీ అమ్మగారి ముందు."

"మెషీన్ నాదండీ. మోటార్ మీది" అన్నాడతను, ఇందులో అడగడానికేముందన్నట్టు.

ఆమె స్క్రూడ్రైవర్ తీసుకుంది. మొదటి స్క్రూ మీద ఎర్ర రంగు పొడిపొడిగా రాలింది. ప్రపంచంలో తన మాట విన్నవాడు ఒక్కడున్నాడు. ఆ ఒక్కడికే విప్పొద్దని చెప్పింది తను.

రెండో స్క్రూ విప్పుతుంటే అతను గొంతు సవరించుకున్నాడు. "ఒక మాట అడగొచ్చా? ఇప్పుడిక అడిగినా తప్పులేదు కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మ నాకు ఒక సంబంధం చూసింది. టీచర్. పోయిన వారం చూశాను, నచ్చింది కూడా. కానీ ఔననలేకపోతున్నాను."

"ఎందుకని?"

"పెద్దావిడతో మొదటిసారి ఉతికిన రోజు, మిమ్మల్ని అడుగుతానని అమ్మకి చెప్పి ఉంచాను. మెషీన్ పూర్తయ్యాకే అడగాలని ఏడాదిన్నర ఆగాను. తీరా నోటిదాకా వచ్చి చున్నీ గురించి మాట్లాడాను. మీరు అంత కోపంగా వెళ్లిపోయేసరికి, నా ఉద్దేశం పసిగట్టి అసహ్యించుకున్నారేమో అనుకున్నాను. తర్వాత వచ్చినప్పుడల్లా అలాగే మాట్లాడారు కదా. కానీ అడిగి ఉంటే ఏమనేవారో అన్నది మాత్రం నాలుగేళ్లుగా లోపల తిరుగుతూనే ఉందండీ. ఆ టీచర్‌కి ఔనని చెబుదామంటే అదే అడ్డం వస్తోంది."

నాలుగో స్క్రూ ఊడింది. ఆమె అతనికి వీపు పెట్టి మూత ఎత్తింది. కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది. ఒక పక్క కాయిల్ నల్లగా మాడిపోయింది. రెండో పక్క దారం కింద చీటీ, తేనె రంగుకి తిరిగి, అలాగే ఉంది. ఒక్క అక్షరం చెరగలేదు. నేను ఒప్పుకుంటాను.

తను పక్కకి జరిగితే చాలు, అతనికి కనిపిస్తుంది. కనిపిస్తే నాలుగేళ్లుగా వారం వారం తను ఉతుకుతున్న టబ్బు కిందే తన ప్రశ్నకి జవాబు ఉందని తెలుస్తుంది. పక్కకి జరగాలని ఆమెకి ఎంతగానో అనిపించింది. నేను అడిగాను, నేనే ముందు అడిగాను అని అతని మొహం మీద అరవాలనిపించింది.

"చెప్పండి. అడిగి ఉంటే?"

"కాదనేదాన్ని" అంది ఆమె తిరగకుండానే.

వెనక అతను ఊపిరి వదలడం వినబడింది. బరువు దించుకున్న మనిషి వదిలే ఊపిరి.

"నిజంగానా?"

"నిజంగానే. మిమ్మల్ని నేను ఎప్పుడూ అలా అనుకోలేదు."

"హమ్మయ్య" అన్నాడతను. నవ్వాడు కూడా. "అడక్కపోవడం వల్ల పోగొట్టుకున్నానేమోనని ఎంత తిట్టుకున్నానో మీకు తెలియదు. అయితే ఏమీ పోలేదన్నమాట." జేబులోంచి చిన్న పుస్తకం, పెన్ను తీశాడు. "లోపల చీటీ ఉంటుందిగా? చదవండి, రాసుకుంటాను."

"రన్నింగ్ నూట ఎనిమిది."

"నూట ఎనిమిది."

"స్టార్టింగ్ డెబ్బై నాలుగు."

"డెబ్బై నాలుగు. అంతేనా?"

"అంతే."

అతను వెళ్లాక చీటీ ఊడదీసింది. మడవబోతే వార్నిష్‌కి బిరుసెక్కి రెండు ముక్కలుగా విరిగింది. మాడిన తీగలు వేసే డబ్బాలో పడేసింది. నాన్న లేచి వచ్చి, "ఎవరే వచ్చింది?" అన్నాడు. "కళ్లజోళ్లబ్బాయి. పెళ్లి చేసుకుంటున్నాడట" అంది. నాన్న ఆమె మొహం చూశాడు. తీగ చుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

రెండు రోజుల తర్వాత అతను మోటార్ కోసం వచ్చాడు. ఆ టీచర్‌కి ఔనని చెప్పేశాడట. వాళ్లమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవట. మోటార్‌ని ఎత్తుకోబోతూ ఆగి మూత వైపు చూశాడు.

"సీలు వేయలేదేమిటి?"

"ఇక వేయను. ఈసారి ఇంటికెళ్లాక విప్పి చూసుకోండి."

"మీరు చుట్టిందా? ఛఛ" అన్నాడతను.

"నా మాట వినండి. ఎవరు చుట్టినా సరే, విప్పి చూడాలి."

అతను నవ్వేసి, మోటార్‌ని గుండెకి ఆనించుకుని మెట్లు దిగాడు. ఆమె కళ్లజోడు తుడుచుకుని, మలుపు తిరిగేదాకా చూసింది. అతను విప్పడని ఆమెకి తెలుసు. ఈసారి చీటీ మీద అంకెలు తప్ప ఇంకేమీ రాయలేదు.